రంధ్రాన్వేషణము

రంధ్రాన్వేషణమను మాట మన భాషలో మంచి మాట కాదు. ఒకని గుణములను విడిచి దోషములనే వెదకువానిని రంధ్రాన్వేషి యందుము. పెండ్లిపందిటిలో కూర్చుండి పప్పులో ఉప్పు చాలలేదనువాడును, సభలో ఉపన్యాసకుని వ్యాకరణదోషములను వ్రేళ్లపై లెక్కించువాడును, కోడలు చేసిన ప్రతి పనికిని వంక పెట్టు నత్తగారును ఈ తెగకు జెందినవారే. ఇట్టివారిని లోకము మెచ్చదు, మెచ్చకుండుటయు న్యాయమే. అయినను నేను కొన్ని సంవత్సరములనుండి రంధ్రాన్వేషణము చేసియే జీవించుచున్నాను. అందులకు నాకు జీతమిచ్చువారు కూడ నున్నారు. ఈ వృత్తి యెట్టిదో, దానివలన లోకమునకు గలుగు మేలేమో, దానిని మనవారు వేరుగ నర్థము చేసికొనుటవలన వచ్చుచున్న కీడేమో చెప్పుటకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నా నివాసము ఖమ్మము జిల్లాలోని తల్లాడ. ఖమ్మమునుండి వైరా మీదుగ సత్తుపల్లికి బోవు బాటమీద నున్న యూరిది. ఇచ్చటనుండి ఏన్కూరు, జూలూరుపాడు మీదుగ కొత్తగూడెమునకు మరియొక బాట పోవును. ఆ బాట బట్టి పోయినకొలది పత్తిచేలును మిరపతోటలును వెనుకబడి యడవి దగ్గరగును. ఇంకను ముందునకు బోయిన భద్రాచలమును గోదావరియు వచ్చును. ఒకప్పుడు నావంటివాడు ఇట్టి పనికై హైదరాబాదునకో బెంగుళూరునకో పోక తప్పెడిది కాదు. ఇప్పుడు తీగ యింటికే వచ్చినది గనుక పని కూడ నింటికే వచ్చినది.

మా వీధిలోని రైతొకడు ఒకనాడు నన్ను, "సారూ, మీరు ప్రోగ్రాములు రాస్తారా?" అని యడిగెను. వ్రాయననియు, ఇతరులు వ్రాసినవానిని చదివి యందు దొంగలు దూరగల సందు లెక్కడెక్కడ నున్నవో చెప్పుదుననియు బదులు చెప్పితిని. అతడు కొంచె మాలోచించి, "అయితే మీరు లెక్కలు తనిఖీ చేసే సారన్నమాట," అనెను. నా వృత్తిని ఇంతకంటె క్లుప్తముగ నేను చెప్పలేను.

నేను చదువునవి ముఖ్యముగ సీ అను భాషలో వ్రాయబడిన గ్రంథములు. ఈ భాషను 1972 ప్రాంతమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో డెన్నిస్ రిచీ అను నతడు నిర్మించెను. 1978లో అతడును బ్రయన్ కెర్నిహన్ అను నతడును గలిసి దానిని బోధించు పుస్తకమును ప్రకటించిరి. యూనిక్స్ అను యంత్రనిర్వాహకము ఈ భాషలోనే తిరిగి వ్రాయబడినది. 1991లో బయలుదేరిన లినక్స్ యొక్క మూలము కూడ నధికముగ నీ భాషలోనిదే. మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనునకు అడుగున లినక్స్ ఉన్నది. ఇంటికి ఇంటర్నెట్టు దెచ్చు పెట్టెలోను, తూకపు యంత్రములోను, దుకాణములోని కార్డు గీయు యంత్రములోను ఈ భాష తరచుగ గానవచ్చును. యాబది యేండ్లు దాటిన యీ భాష పాతబడినదే గాని పోలేదు. ఊరికి కట్టిన పాత చెరువువలె మన దినచర్య యంతయు దానిక్రింద సాగుచున్నది.

సీ భాషకు గొప్ప గుణమొకటి కలదు: అది వ్రాయువానిని నమ్మును. గొప్ప దోషమును అదియే. దీనిని గాదెల యుపమానముతో జెప్పెదను. ఒక గదిలో గాదెలు వరుసగ నొకదానినొకటి యంటి యున్నవనుకొనుడు. మొదటి గాదెలో ఎనిమిది కుంచములు మాత్రమే పట్టును. పాలేరు పది కుంచముల ధాన్యము తెచ్చి పోసినచో తెలివిగల యజమానుడు "ఆగుము, నిండినది" అనును. సీ భాష యట్లనదు. పోయుమన్నంత పోయును, మిగిలిన రెండు కుంచములును ప్రక్కగాదెలో బడును. ప్రక్కగాదెలో నున్నది ధాన్యమే యైన గింజలు కలిసిపోవుటతో సరిపోవును. కాని యంత్రములో నా ప్రక్క గాదెలో నొక చీటి యుండవచ్చును: "ఈ పని ముగిసిన పిదప ఫలానిచోటికి మరలి పొమ్ము" అని యందు వ్రాసియుండును. బయటినుండి ధాన్యము పంపినవాడు దుష్టుడైనచో తుది రెండు కుంచములకు బదులు తన చీటిని బెట్టి పంపును. పాత చీటి కప్పబడిపోయి క్రొత్త చీటి పైకి వచ్చును. యంత్రమునకు చీటి యెవరు వ్రాసిరో తెలియదు, వ్రాసినచోటికి బోవును. ఆ క్షణమునుండి యంత్రము వానిది.

ఇది యూహ కాదు. 1988 నవంబరు 2వ తేదీన కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి యగు రాబర్ట్ మోరిస్ విడిచిన పురుగువంటి ప్రోగ్రామొకటి వేలకొలది యంత్రములను మూలబడవేసినది. ఆనాటి యంచనా ఆరువేలు. ఆ పురుగు ప్రవేశించిన త్రోవలలో నొకటి సరిగా నేను జెప్పిన గాదె త్రోవయే. గెట్స్ అను నాజ్ఞ బయటినుండి వచ్చు వరుసను చదివి గాదెలో బోయును. గాదె కొలత యెంతయో దానికి చెప్పుటకు వీలే లేదు. అచ్చట గాదె 512 అక్షరములది. పురుగు అంతకంటె నెక్కువ పంపినది. మోరిసునకు 1990లో శిక్ష పడినది: మూడేండ్ల సత్ప్రవర్తన నిబంధన, నాలుగువందల గంటల సమాజసేవ, పదివేల యేబది డాలర్ల జరిమానా. కాని గెట్స్ అను నాజ్ఞకు శిక్ష పడుటకు మాత్రము 2011 వరకు బట్టినది. ఆ సంవత్సరపు ప్రమాణమునందు గాని దానిని సీ భాషనుండి తొలగింపలేదు. ఒక మనుష్యుని శిక్షించుటకు రెండేండ్లు చాలినవి. ఒక చెడు వాడుకను విడుచుటకు ఇరువదిమూడేండ్లు పట్టినది. సంఘసంస్కరణ మెరిగిన చదువరులకు ఇందులో వింత తోచదు.

ఇక తప్పులు వెదకు సాధనములను గూర్చి చెప్పవలెను. 1978లో బెల్ ప్రయోగశాలలలోనే స్టీఫెన్ జాన్సన్ అను నతడు లింట్ అను దానిని జేసెను. లింట్ అనగా బట్టకంటుకొన్న నూగు. ప్రోగ్రామును నడుపకయే, వ్రాసినదానిని వ్రాసినట్లు చదివి, అనుమానాస్పదములైన చోట్లను జూపుట దాని పని. తరువాత 2001లో డేవిడ్ వీలర్ అను నమెరికా దేశస్థుడు ఫ్లాఫైండర్ అను దానిని వెలువరించెను. ఆ పేరును తెనిగించినచో 'దోషాన్వేషి' యగును. మనము తిట్టుగా వాడు మాటనే యతడు బిరుదుగా బెట్టుకొనెను! అది ఉచితముగ దొరకును. దాని మూలమును గూడ నెవరైనను చదువవచ్చును. ప్రమాదకరములైన యాజ్ఞల పట్టిక యొకటి దాని కడ నుండును. గెట్స్, కొలత చూడక నకలు దీయు స్ట్ర్‌కాపీ మొదలగునవి కనబడినచోటనెల్ల వరుస సంఖ్యతో జూపి, అపాయమును సున్న మొదలు అయిదు వరకు అంకెవేసి చెప్పును.

మన యిండ్లలో బియ్యము బాగుచేయుట చూచినవారికి ఈ సాధనముల బలాబలములు సులభముగ దెలియును. జల్లెడ పరిమాణమును మాత్రమే చూచును. దానికి రాయియు నూకయు నొకటే. ఫ్లాఫైండర్ జల్లెడ వంటిది: పేరు కనబడిన పట్టును, అర్థము చూడదు. పై వరుసలోనే కొలత సరిచూచి క్రింది వరుసలో నకలు దీసినను అది కేక వేయును. అట్టి వట్టికేకలు కుప్పలుగ వచ్చును. ఇంకను తెలివిగల సాధనములు గలవు. అవి బయటినుండి వచ్చిన యక్షరములు ఏ చేతినుండి యే చేతికి మారినవో, ఎక్కడ సరిచూడబడినవో, ఎక్కడ చూడబడకయే గాదెలో బడినవో త్రోవబట్టి పోయి చెప్పును. అవి చేటవంటివి, చెరుగుటలో తాలును వేరుచేయును. కాని తుదకు చేటలో మిగిలినదానిని కన్నులతో జూచి వ్రేళ్లతో రాయి యేరువారు లేక యన్నములో రాయి తగులక మానదు.

ఏ సాధనమును పరిపూర్ణము కాకుండుటకు కారణము వానిని జేసినవారి యశ్రద్ధ కాదు. ఒక ప్రోగ్రాము ముగియునో ముగియదో అన్ని సందర్భములలోను తేల్చిచెప్పగల యంత్రముండ జాలదని 1936లో ట్యూరింగ్ నిరూపించెను. ప్రోగ్రాముల నడవడికి సంబంధించిన యే ముఖ్యగుణమునైనను అన్నిటికిని సరిపోవునట్లు తేల్చు పద్ధతి లేదని 1953లో రైస్ అను గణితవేత్త తేల్చెను. కావున ప్రతి సాధనమును రెండు దారులలో నొకటి పట్టవలెను: లేనిచోట కేక వేయుటయో, ఉన్నచోట నూరకుండుటయో. పలు సాధనములు రెండును గొంచెము గొంచెము చేయును. మిగిలినది మనుష్యుని పని.

ఆ మిగిలినదే నా పని. ఉదయము సాధన మిచ్చిన పట్టికను ముందు బెట్టుకొని యొక్కొక్కదానిని నాలుగు ప్రశ్న లడుగుదును. ఈ యక్షరము లెక్కడనుండి వచ్చినవి, మనవారు వ్రాసినవా, ఎరుగనివారు పంపినవా? ఇవి చేరు గాదె యెంతటిది? ఆ కొలతను లెక్కించిన దెవరు? ఏలయన లెక్కలోనే మోసముండవచ్చును: పదియారు బిట్ల సంఖ్యలో 65,535కు ఒకటి కలిపినచో మరల సున్న యగును, కొలత సున్నయని యెంచి గాదె కట్టి, సరుకు మాత్రము నిండుగ పోయుదురు. ఇక నాలుగవది: ఈ స్థలము మనకింకను చెందియున్నదా? కౌలు గడువు తీరిన పొలమును పాత కౌలుదారు దున్నినట్లు, విడిచిపెట్టిన స్థలమును మరల వాడుట సీ భాషలో తరచు కలుగు దోషము. అప్పటికి ఆ పొలము వేరొకనికి బోయి యుండవచ్చును. ఈ నాలుగు ప్రశ్నలకును జవాబు దొరకినంతవరకు ఆ వరుసను విడువను. చాలవరకు కేకలు వట్టివే యగును. విసుగు పుట్టును. ఆ విసుగే యసలు శత్రువు. వట్టికేకలు విని విని యలసిన చెవికి నిజమైన కేక కూడ వట్టిదిగనే వినబడును.

సాధనములును మనుష్యులును గూడ దాటవేసిన తప్పునకు గొప్ప యుదాహరణము హార్ట్‌బ్లీడ్. రహస్యముగ మాటలు పంపుకొనుటకు లోకములోని బహు వ్యాపారస్థానములు వాడు ఓపెన్ఎస్ఎస్ఎల్ అను సీ గ్రంథములో 2012లో వెలువడిన కూర్పున నది చేరి, 2014 ఏప్రిలు 7వ తేదీన బయటపడినది. అవతలివాడు సజీవముగ నున్నాడా యని తెలిసికొనుటకు ఒక యంత్రము వేరొకదానితో, "ఈ మాటలో నిన్ని యక్షరములున్నవి, దీనిని తిరిగి పంపుము," అనును. ఉదాహరణకు 'తల్లాడ' యని మూడక్షరములు పంపి, అరువదివేల యక్షరములు పంపితినని చెప్పినచో, ఆ గ్రంథము నమ్మి, మూడక్షరములను, వానివెనుక తన జ్ఞాపకములో నున్న మిగిలిన రహస్యములను గూడ గలిపి పంపుచుండెను. ఒకసారికి అరువదినాలుగు కిలోబైట్ల వరకు పోవుచుండెను. రెండేండ్ల కాలము మూలము లోకమున కంతకును దెరచియే యున్నది. ఎవరైనను చదువవచ్చునన్న స్వేచ్ఛ యున్నంతమాత్రమున ఎవరో చదివిరని యర్థము కాదు. నాడు వాడుకలోనున్న పేరుగల సాధనములును దానిని బట్టలేదు. తప్పు తెలిసిన పిమ్మటనే దానిని బట్టు సూత్రమును జేర్చుకొనిరి.

ఇవి యన్నియు దూరదేశపు కథలని యనుకొనరాదు. ఇట్టి తప్పొకటి సాక్షాత్తు మన లిపి పేరనే లోకమంతట మ్రోగినది. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ వారి ఐఫోనులలో నొక తెలుగు కూర్పు తెరపై కనబడబోవగనే ఆ ప్రోగ్రాము కూలిపోవుచుండెను. ఆ కూర్పు సందేశములో వచ్చినచో సందేశముల పేటిక తెరచుకొనదు. ప్రకటనగా తెరపైకి వచ్చినచో ఫోనే స్తంభించి మరల మరల మొదలగును. ఆ కూర్పు ఏదో తెలిసినచో తెలుగువారికి నవ్వును దుఃఖమును గలసి వచ్చును: అది 'జ్ఞా'. జ్ఞానమునకు మొదటి యక్షరమే యంత్రములను మూర్ఛిల్లజేసినది.

నిజమునకు మనము వ్రాయు జ్ఞానమన్న మాటలో నే యపాయమును లేదు. జకారమునకు ఞకార మొత్తుగ జేరి, దాని తరువాత కంటికి గనబడని విభజన చిహ్న మొకటి వచ్చి, ఆపైని దీర్ఘము వచ్చినచో మాత్రమే ఈ గతి పట్టుచుండెను. దేవనాగరిలోను బెంగాలీలోను గూడ ఇట్టి కూర్పులు కొన్ని యదే పని జేసినవి. కాని ముందుగ బయటపడినది తెలుగు గనుక పత్రికలు దానికి తెలుగు పేరే పెట్టినవి. ఫిబ్రవరి 19వ తేదీన ఆపిల్ వారు 11.2.6 అను కూర్పును విడుదల చేసి, వ్రాతకు రూపు దిద్దు కోర్‌టెక్స్ట్ అను భాగములో జ్ఞాపకస్థలము చెడుచుండెననియు, లోనికి వచ్చుదానిని మరింత బాగుగ సరిచూచుటచే దానిని దిద్దితిమనియు ప్రకటించిరి. దుష్టుడు కల్పించిన వరుసచే జ్ఞాపకస్థలము చెడగలదని వారే యొప్పుకొనిరి గనుక అది వట్టి వినోదము గాదు, భద్రతాదోషమే.

అప్పుడు మావాడొకడు, "మన అక్షరం ఫోన్లను పగలగొడుతోందట!" అని సంతోషముతో జెప్పెను. అక్షరము పగులగొట్టలేదు, అక్షరమును సరిగ చదువలేనివాడు పగిలిపోయెను. తెలుగు 1991లో వెలువడిన యూనికోడు మొదటి సంచికలోనే చేరినది. ఇరువదియేడేండ్ల తరువాత కూడ మన ఒత్తులును గుణింతములును, చేసినవాని పరీక్షలో పూర్తిగ లేకపోయినవి. తప్పులు సాధారణముగ నడుచు త్రోవలో నుండవు. వ్రాసినవాడు తలపని మనుష్యుడు, వినని పేరు, ఎరుగని లిపి వచ్చినచోట నుండును. అడవియంచుననున్న గూడెములోని కోయవాని పేరును, నాలుగు మాటలు గల మన యింటిపేరును, ఒత్తుమీద ఒత్తు గల మన యక్షరమును ఎవడు తలపడో వాని ప్రోగ్రామునకు వీరే పరీక్షకులగుదురు. కాబట్టి ఈ వృత్తిలోనికి మావంటి యూళ్లవారు రావలసిన యావశ్యకత మిక్కిలి కలదు.

ఇప్పుడు నాకు మనసులో నాటిన సంగతి యొకటి చెప్పెదను. ఒక పట్టణములోని సంస్థ, దాని పేరిచ్చట ననవసరము, తమ చిన్న యంత్రపు మూలమును బరిశీలించుమని నాకు బంపెను. వేలిముద్ర తీసికొని ఖాతాలోని సొమ్మును చేతికిచ్చు యంత్రమది. ఇట్టి యంత్రముల యెదుట మా యూరిలో ముసలమ్మలు నెలనెలయు బారులు దీరి నిలుచుందురు. మూలములో నొకచోట, దూరమునుండి వచ్చిన పేరును కొలత చూడకయే గాదెలో నకలు చేయుచుండిరి. నా నాలుగు ప్రశ్నలలో నొకదానికిని సరియైన జవాబు రాలేదు. వ్రాసినవాడెవడో నాకు తెలియును. మా మండలములోని కుర్రవాడే. వారి వంశములో కళాశాల గడప త్రొక్కిన మొదటివాడు. నాకు చిన్నప్పటినుండి యెరుక.

ఎట్లో తెలిసికొని యతడు రాత్రివేళ ఫోను చేసెను. "అన్నా, ఈ ఒక్కటి రాయకు. రేపు పొద్దునకల్లా నేనే సరిచేస్తా. పైవాళ్లు చూస్తే నా ఉద్యోగం పోతది," అనెను. అతని గొంతు వణకుచుండెను. నేను చాలసేపు మాటాడలేదు. అతనింటిలో నతని జీతముమీద నాధారపడినవారెందరో నాకు తెలియును. కాని యతడు రేపు దిద్దునది రేపు చేయబోవు యంత్రములకే. ఇదివరకే యూళ్లకు జేరిన యంత్రములలో పాత తప్పు పాతుకొనియే యుండును. తప్పున్నదని సంస్థకు దెలియక వానిని వెనుకకు రప్పింపరు, క్రొత్త కూర్పును పంపరు. రహస్యముగ దిద్దిన తప్పు, దిద్దనివారి యింట తప్పుగనే మిగులును. ఆ బారులో నిలుచున్న ముసలమ్మకు సీ భాష తెలియదు; ఆ భాషలోని పొరపాటునకు మాత్ర మామె సొమ్ము లోబడియున్నది. ఈ మాటయే యతనికి జెప్పితిని. "నీ పేరు నేను రాయను తమ్ముడూ, తప్పును రాయక తప్పదు," అంటిని. అతడు ఫోను పెట్టివేసెను.

నివేదికలో వరుస సంఖ్యను, దోషమును, దిద్దు విధమును మాత్రమే వ్రాసితిని. మరునాడు సంస్థవారి పెద్ద యడిగిన మొదటి ప్రశ్న, "ఇది ఎవరు రాశారు?" నేను చెప్పలేదు, చెప్పవలసిన పనియు లేదు. గిట్ అను మూలభాండారమున ప్రతి వరుసను ఎవరు ఎప్పుడు వ్రాసిరో చూపు నాజ్ఞ కలదు. దాని పేరు బ్లేమ్, అనగా నింద. అది వారికి పేరు చెప్పినది. అదృష్టవశమున అక్కడ నింకొక యుద్యోగిని యుండెను. ఆమె, "రాసింది సరే, రాసిన తరువాత ఇద్దరు చూసి ఒప్పుకున్నారు గదా, వారి కళ్ల ముందునుంచి ఎలా దాటింది?" అని యడిగెను. ఆ రెండవ ప్రశ్నవలననే మేలు కలిగినది. కొన్ని వారములలో ఊళ్లలోని యంత్రములకు క్రొత్త కూర్పు చేరినది. కొలత చూడని యాజ్ఞలు గల మూలము దాఖలుకాకుండ ద్వారమునొద్దనే సాధనము నిలిపిరి. కుర్రవాని యుద్యోగము నిలిచినది గాని, ఆ యేటి జీతపు పెంపు నిలిచిపోయెను. దసరాకు ఊరికి వచ్చి యందరి పెద్దల చేతులలోను జమ్మి పెట్టెను. మా గడప మాత్రము త్రొక్కలేదు. అతని కోపమును నేను తప్పుపట్టను. ముగ్గురు చేసిన పొరపాటునకు ఒక్కని జీతమునుండి వెల గుంజిన పద్ధతిని తప్పుపట్టుచున్నాను.

ఏలయన ఆ పద్ధతియే తప్పులను దాచుట నేర్పును. తప్పు చెప్పినవానికి శత్రుత్వమును, తప్పు చేసినవానికి అవమానమును బహుమానముగ నిచ్చు నింట ఎవరు నోరు తెరతురు? గుమ్మడికాయల దొంగ యన్న భుజములు తడుముకొనుట మన కలవాటైపోయినది. చెరువుకట్టకు చెమ్మ తగిలినదని చెప్పినవానిని "కట్ట కట్టిన మేస్త్రీమీద నీకేమి పగ?" అని యడుగు నూరు వానకాలమును దాటదు. 2024 సెప్టెంబరు 1వ తేదీన మున్నేరు పొంగి ఖమ్మము నగరములోనికి వచ్చిననాడు నీటిని జూచినవారికి, ముందుగ చెప్పబడిన చిన్నమాట విలువ యెంతయో నేను చెప్పనక్కరలేదు.

ఈ మార్పు పాఠశాలలలో మొదలుకావలెను. మన కళాశాలలలో సీ భాషను లక్షలమంది చదివిరి. వారిలో పెక్కుమందికి అది 1990 ప్రాంతపు టర్బో సీ అను నీలితెరపైననే, గెట్స్ అను నాజ్ఞతోనే, నేర్పబడినది. భాషనుండి ఆ యాజ్ఞ తొలగింపబడిన తరువాత గూడ నీ పాఠము కొన్నిచోట్ల మారలేదు. రికార్డు పుస్తకములో ప్రోగ్రామును చక్కగ నకలు వ్రాసినవానికి మార్కులు వచ్చును; ప్రక్కవాని ప్రోగ్రాములో తప్పు చూపినవానికి రావు. నే నింటర్మీడియెటు చదివిన కొందరు బాలబాలికలను సెలవులలో మా వసారాలో గూర్చుండబెట్టి, ఒకరు వ్రాసినదానిని మరియొకరు బిగ్గరగ చదువునట్లును, "ఇచ్చట పొడవైన పేరు వచ్చినచో నేమగును?" అని యడుగునట్లును చేయుచుందును. మొదటి రెండు దినములు మొగము లెఱ్ఱబడును. మూడవనాటికి తమ తప్పులను దామే నవ్వుచు జూపుదురు. బాలికలు దీనిలో ముందుందురు. ఇంట బియ్యమేరుట వారికి మాత్రమే యప్పగించిన మన యాచారము అన్యాయమైనదే గాని, ఆ కంటి శిక్షణ వారికి వ్యర్థము కాలేదు.

ఉత్సాహవంతులకు ఒక హెచ్చరిక కూడ జెప్పవలెను. పరులింటి తలుపును వారి యనుమతి లేక తట్టి చూచుట పరిశీలన కాదు. 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టములోని 43వ సెక్షను ప్రకారము యజమాని యనుమతి లేక యంత్రములో బ్రవేశించుట దోషము. దురుద్దేశముతో జేసినచో 66వ సెక్షను శిక్ష విధించును. చదువవలెనన్న కోరిక గలవారికి, మూలము నందరికిని దెరచిన గ్రంథములు కావలసినన్ని గలవు. అందు తప్పు దొరకినచో ముందుగ దానిని నిర్వహించువారికి రహస్యముగ దెలిపి, దిద్దుకొనుటకు గడువిచ్చి, తరువాత లోకమునకు జెప్పుట మర్యాద. మన దేశములో 2004లో నేర్పడిన సెర్ట్-ఇన్ అను ప్రభుత్వసంస్థ ఇట్టి నివేదికలను స్వీకరించును.

ఈ సీ భాషనే విడిచి, గాదె నిండగానే తానే యాపు క్రొత్తభాషలకు మారరాదా యని కొందరడుగుదురు. న్యాయమైన ప్రశ్న. తమ గ్రంథములలో సంఖ్యవేసి ప్రకటించిన భద్రతాదోషములలో నూటికి డెబ్బదివరకు ఈ జ్ఞాపకస్థలపు జాతివేయని మైక్రోసాఫ్ట్ వారు 2019లో చెప్పిరి. 2022 నవంబరులో అమెరికా జాతీయ భద్రతాసంస్థ, అట్టి తప్పులకు చోటియ్యని భాషలకు మారుడని సలహా యిచ్చినది. క్రొత్తగ కట్టు నిండ్లకు ఆ సలహా శిరోధార్యము. కాని లోకము నివసించుచున్నది పాత యిండ్లలో. వానిని పడగొట్టి కట్టునంతవరకు గోడలను తట్టి చూచువాడు కావలెను. ఇటీవల కృత్రిమ మేధ కూడ నీ పనికి దిగినది. గూగుల్ వారిదొకటి సీ భాషలోని ఎస్‌క్యూలైట్ అను గ్రంథములో తప్పును గనిపెట్టినట్లు 2024 నవంబరులో ప్రకటించిరి. మంచిదే. క్రొత్త జల్లెడ వచ్చినదని సంతోషింతము. తేలిన రాళ్లను జూచి, "ఇది మన బియ్యములోనిదే, తీసివేయుదము," అని యొప్పుకొనవలసినది మాత్రము మనుష్యుడే.

చదువరులారా! మీ యింటిలో కంప్యూటరు విద్య నభ్యసించు పిల్లవాడో పిల్లయో యుండకపోరు. వారు వ్రాసినది చక్కగ నడిచినదని చూపుటకు వచ్చినప్పుడు మెచ్చుకొనుడు. పిదప మీకు సీ భాష రాకున్నను ఒక్క ప్రశ్న వేయుడు: "నీవనుకొన్నదానికంటె పొడవైన మాట వచ్చినచో నేమగును?" జవాబు దెలియక వారు తడబడినచో కోపపడకుడు, నవ్వకుడు, ప్రక్కన గూర్చుండి తిరిగి చదువుమనుడు. ఆ ప్రశ్నను నిర్భయముగ నడుగుటయు, దానిని నిందగా దీసికొనక వినుటయు మన యింట నేర్చిన పిల్లలే రేపు మన వేలిముద్రలను గాపాడుదురు.